కోడీ, కుంపటీ, వేకువజామూ

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆమె కోడి కూస్తే ఊరు లేచేది. ఆమె కుంపట్లో నిప్పు తీసుకెళ్లి ఇరుగుపొరుగు పొయ్యి రాజేసుకునేవారు. ఒకనాడు ఊరిమీద అలిగి రెండూ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఊరు మామూలుగానే తెల్లారింది. గర్వాన్ని వెక్కిరించడానికి ఆ కథను సామెత చేసుకున్నాం. కానీ అందులో ఉన్న ప్రశ్న జోలికి పోలేదు. ఊరిని అసలు లేపేదేమిటి? అలా లేపడం ఎవరి మేలుకు? ఈ రెండు ప్రశ్నలమీద ఇద్దరి వాదం ఇది. ఒకరు కాకినాడలో తెలుగు పంతులుగా రిటైరైన పెద్దమనిషి. రెండోవారు ఆయన అన్నగారి కూతురు, హైదరాబాదులో డాక్టరు. ఆయనను బాబాయనీ, ఆమెను అమ్మాయనీ పిలుచుకుందాం.

బాబాయి: వేకువనే లేవడం ఎవరి సొంత అలవాటో అన్నట్టు మాట్లాడుతున్నారమ్మా ఇవాళ. ఒకప్పుడది ఊరి ఉమ్మడి ఆస్తి. తొలికోడి కూసేది. వెంటనే ఓ ఇంట్లో కవ్వం చప్పుడు, ఓ వాకిట్లో కళ్ళాపి చప్పుడు, అటునుంచి గుడిగంట, ఇటునుంచి మసీదు పిలుపు. ధనుర్మాసం వస్తే నెత్తిన అక్షయపాత్రతో హరిదాసు, ఆయనకన్నా ముందే చీకట్లో డమరుకం ఆడించుకుంటూ బుడబుక్కలవాడు. దేవుణ్ణి కూడా మనం పడుకోనివ్వలేదు. తిరుమలలో ఆయనకు తెల్లారేది సుప్రభాతంతో. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ కూర్చిన ఆ స్తోత్రం, 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో రికార్డుగా వచ్చాక గుడి దాటి మన వంటిళ్లలోకి వచ్చేసింది. ధనుర్మాసంలో దాని చోట తిరుప్పావై చదువుతారు. ఆ ముప్పై పాశురాల్లో, ఆరు మొదలు పదిహేను దాకా, గోదాదేవి చేసే పనేమిటో చూడు. ఒక్కో వాకిట ఆగి ఒక్కో చెలికత్తెను నిద్రలేపడం. ఒక్కతే వెళ్లి పుణ్యమంతా మూటగట్టుకోవచ్చు కదా? మంచిని ఒంటరిగా తినకూడదని అక్కడి నీతి. ఇప్పుడు ఎవరి దిండు కింద వాళ్ల సెల్‌ఫోను. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు అలారాలు. అందరూ లేస్తారు, ఎవరూ ఎవరినీ లేపరు. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో రాసింది మీ వైద్యశాస్త్రమే కదా, దాన్నయినా ఒప్పుకోవాలి నువ్వు.

అమ్మాయి: కోడి దగ్గరే మొదలెడదాం బాబాయ్. అది పొద్దుపొడుపు చూసి కూస్తుందని మనం అనుకుంటాం. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజులను రేయింబవళ్లు ఒకే మసక వెలుతురులో ఉంచి చూశారు. సూర్యుడి జాడ తెలియకపోయినా అవి ఇంచుమించు రోజుకొకసారి, తమ వేకువకు కూస్తూనే ఉన్నాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉందన్నమాట. మనకూ అంతే. కళ్ల వెనక, మెదడు అడుగున గింజంత కణాల గుంపు ఒకటి నిద్రకూ మెలకువకూ వేళ పెడుతుంది. అలాంటి గడియారాన్ని కణంలో ఏ జన్యువులు నడుపుతాయో ఈగల్లో తేల్చినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఈ గడియారం అందరికీ ఒకేలా నడవదు. కొందరికి పుట్టుకతోనే ముందు, కొందరికి వెనక. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి అది వెనక్కి జరిగి రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రానివ్వదు. అరవై దాటాక ముందుకు జరిగి, వద్దన్నా నాలుగింటికే లేపేస్తుంది. పెద్దవాళ్లు తెల్లవారుజామున లేచి పడుచువాళ్లను సోమరులనడంలో సగం నీతి, సగం వయసు. పొడుగ్గా ఉన్నవాణ్ణి పొడుగైనందుకు మెచ్చుకోం కదా, పెందలాడే మెలకువ వచ్చినవాణ్ణి మెచ్చుకోవడం కూడా అలాంటిదే. ఇక వాగ్భటుడి మాట. ఆయన లేవమన్నది స్వస్థుణ్ణి, అంటే ఒంట్లో బాగున్నవాణ్ణి. గ్రీష్మంలో పగటి నిద్రకు ఒప్పుకున్నదీ ఆయనే. మన ఇళ్లలో గోడమీద మొదటి మాట మిగిలింది, రెండోది చెరిగిపోయింది.

బాబాయి: ఒంట్లో గడియారం ఉందంటే కాదనను. ఆ గడియారానికి కీ ఇచ్చేదెవరు? నువ్వు చెప్పిన 2013లోనే ఇంకో సంగతి బయటపడింది, పేపర్లో చదివాను. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఎనిమిదిమందిని వారం రోజులు కొండల్లో గుడారాల్లో ఉంచారు. రాత్రిళ్లు నెగడు మంట తప్ప లైటు లేదు, ఫోను లేదు. వారం తిరిగేసరికి వాళ్ల ఒంటి గడియారం దాదాపు రెండు గంటలు ముందుకొచ్చింది. ఆలస్యంగా లేచే బాపతు వాళ్లే ఎక్కువ మారారు. పుట్టుకతో వచ్చిందన్న దాంట్లో ఎంత పుట్టుకో, ఎంత ట్యూబులైటో తేలిపోలేదూ? దీపాలు పెట్టగానే తిని, పిల్లలకు ఓ కథ చెప్పి పడుకున్న ఊరికి వేకువన లేవడం కష్టమైన పని కాదు. మెలకువ రావడమే సహజం. అర్ధరాత్రి దాకా బొమ్మలు చూసి, పొద్దున్నే లేపితే ఒంటి తత్వం అంటున్నారు మీరు. ఇంకోటి చెప్పు. ఎవరి ఒంటి గడియారం ప్రకారం వాళ్లు లేస్తే పాలు ఎవరు తెస్తారు, రైలు ఎవరు నడుపుతారు? పదిమంది ఒక వేళకు ఒప్పుకుంటేనే ఊరు. నువ్వు చెప్పే శాస్త్రం మనుషుల్ని విడివిడిగా తూకం వేస్తుంది. ఊరిని తూయడానికి దాని దగ్గర రాయి లేదు.

అమ్మాయి: వెలుతురు మాట ఒప్పుకున్నాను. మీరు చెప్పిన ఆ ఎనిమిదిమందినే తీసుకుందాం. వాళ్లు ముందు లేచారు, ముందు పడుకున్నారు కూడా. నిద్ర తగ్గలేదు, జరిగింది. మనం పిల్లలకు చేస్తున్నది అది కాదు. లేచే వేళను ముందుకు లాగి, పడుకునే వేళను అక్కడే ఉంచుతున్నాం. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పొద్దున ఐదింటికో అంతకన్నా ముందో స్టడీ అవర్ గంట కొడతారు, రాత్రి పదో పదకొండో అయ్యేదాకా కూర్చోబెడతారు. ఇందులో ముహూర్తం లెక్కయినా కుదురుతుందేమో చూడండి. ముహూర్తమంటే 48 నిమిషాలు. బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది. సంక్రాంతి రోజుల్లో హైదరాబాదులో పొద్దు పొడిచేది దాదాపు 6:48కి. అంటే బ్రాహ్మీ ముహూర్తం ఐదుంబావు ప్రాంతంలో. మీ శాస్త్రం కూడా ఇంకా పడుకోమనే వేళకు వార్డెను తలుపు బాదుతున్నాడు. గడియారంలో ఐదు సూర్యుడు పెట్టింది కాదు బాబాయ్. 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే టైము పెట్టారు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైమును వదల్లేదు. ఆ టైముకు కొలత 82.5 డిగ్రీల రేఖాంశం, అది పోయేది మీ కాకినాడ దాపునే. కాబట్టి మీకు గడియారమూ సూర్యుడూ ఒకే మాట చెబుతారు. హైదరాబాదుకు సూర్యుడు పావుగంట వెనక, గుజరాత్ కొసకు ఇంకా వెనక. పదిమందీ ఒక వేళకు ఒప్పుకోవాలన్నారు, నిజమే. ఆ వేళను పదిమందీ కలిసి పెట్టారా, ఒక్కరు పెట్టి పదిమందిచేత ఒప్పించారా అన్నదే నా ప్రశ్న. నగోయా వాళ్లు రెండేళ్ల తరవాత పుంజుల గుంపుల్ని చూసి ఇదే చెప్పారు. గుంపులో పైచేయిగా ఉన్న పుంజు ముందు కూస్తుంది, మిగతావి వరసగా దాని వెనక. దాని ఒంట్లో వేకువ ఎప్పుడైతే అప్పుడే గుంపుకంతా వేకువ.

బాబాయి: పిల్లల విషయంలో నీదే నెగ్గిందనుకో. చదువు పేరు చెప్పి నిద్ర కాజేయడం నాకూ నచ్చదు. పంతులుగా చెబుతున్నాను, కునికే కళ్లకు పాఠం ఎక్కదు. కానీ పెద్దపుంజు పోలిక అన్నిటికీ అంటగట్టకు. మా హరిదాసు ఎవరి మీద పెత్తనం చేశాడు? హైదరాబాదు పాతబస్తీలో రంజాన్ నెలలో సెహ్రీ వేళకు వీధి వీధీ తిరిగి లేపేవాడు ఎవరికి యజమాని? ఇంగ్లండులో మిల్లులు వచ్చిన కొత్తలో కూలీలకు అలారం గడియారం కొనే స్తోమత లేదు. పొడవాటి కర్రతో కిటికీ తట్టి లేపేవాళ్లు ఉండేవారు, వారానికి కొన్ని పెన్నీలు తీసుకుని. పాత మిల్లు ఊళ్లలో ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఆ పని ఉంది. అంటే లేపడానికి మనిషి కావాలి. యంత్రం మోగి ఊరుకుంటుంది, మనిషి లేచారో లేదో చూసిగానీ కదలడు. గుళ్లమీదా మసీదులమీదా మైకుల గోల ఎక్కువైందని నేనూ అంటాను. దాన్ని అడ్డం పెట్టుకుని గుడిగంటనీ, మసీదు పిలుపునీ, హరిదాసు చిడతల్నీ ఒకే గాటన కట్టి నోరు మూయిస్తే మిగిలేది నిశ్శబ్దం. నిశ్శబ్దంలో ఎవరి ఫ్లాటు వాళ్లదే. పక్కింట్లో మనిషి పోయినా నాలుగు రోజులకు తెలిసే నిశ్శబ్దం అది.

అమ్మాయి: మీరు ఇప్పుడు చెప్పిన ముగ్గురూ నా పక్షం సాక్షులే. హరిదాసు గొంతు వీధి చివరకు వెళ్లేసరికి తగ్గిపోతుంది. నెలరోజులు వస్తాడు, వాకిట్లో దోసెడు బియ్యం పోసి పంపుతాం. సెహ్రీకి లేపేవాడు ఉపవాసం ఉన్నవాళ్లకోసం వస్తాడు, లేపకపోతే వాళ్లే నొచ్చుకుంటారు. కర్రతో కిటికీ తట్టేవాడి నేర్పు అంతా డబ్బిచ్చిన ఇంటినే లేపి పక్కింటిని లేపకపోవడంలో ఉంది. ఈ ముగ్గురినీ కలిపేది ఒకటే, లేపించుకునేవాళ్ల ఇష్టం. మైకుకు ఆ ఇష్టంతో పని లేదు. పసిబిడ్డ తల్లి, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు, రేపు పరీక్ష ఉన్న పిల్ల, అందరూ దానికి ఒకటే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రంటే పదింటినుంచి ఆరింటిదాకా. ఆ వేళ బహిరంగంగా మైకు వాడకూడదు. నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేదే 60 దాకా ఉంటుంది. 2005 జూలైలో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. ఏ మతానిదైనా, ఏ పార్టీదైనా నియమం ఒకటే. నేను ఆపమనేది గంటను కాదు, దానికి తగిలించిన యాంప్లిఫయర్‌ను.

అయినా బాబాయ్, మనం ఇంతసేపూ చెవికి వినపడేవాటి గురించే మాట్లాడుకున్నాం. మనుషుల్ని ఎక్కువగా లేపేవి చప్పుడు చేయవు. తెల్లవారుజామున వదిలే నల్లా నీళ్లు చప్పుడు చేయవు, బిందెలు నిండకపోతే ఆ రోజంతా ఇల్లు నడవదు. రాత్రిపూట వచ్చే త్రీఫేజు కరెంటు చప్పుడు చేయదు. దానికోసం రైతు రెండింటికి లేచి, టార్చిలైటు పట్టుకుని గట్టుమీద నడిచి మోటారు వేసేవాడు. పాము కరిచి, తీగ తగిలి ఎందరు పోయారో పల్లెలకు తెలుసు. ఆ రైతును చూసి, ఆహా బ్రాహ్మీ ముహూర్తానికన్నా ముందే లేచాడని ఎవరైనా మెచ్చుకున్నారా? 2018 జనవరి 1 నుంచి తెలంగాణ వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరా విధానం పెట్టుకుంది. రైతుకు నిద్ర గురించి ఎవరూ హితబోధ చేయలేదు, సరఫరా వేళ మార్చారు. నా వాదమంతా ఇంతే. తెల్లవారుజామున లేవడం చాలామందికి గుణమూ కాదు, దోషమూ కాదు. అది ఎక్కడో ఎవరో వేసిన టైంటేబులు. టైంటేబులు వేసినవాడు ఆ వేళకు నిద్రపోతూ ఉంటాడు.

బాబాయి: టైంటేబులు లేని చోటేం చెబుతావు? ఏ ఇంట్లోనైనా అందరికన్నా ముందు లేచేది అమ్మ. ఆమెకు ఎవరు జీవో ఇచ్చారు? అది ప్రేమ. ఇల్లు చల్లబడకుండా ఉండాలని తన నిద్ర తగ్గించుకుంటుంది. దాన్ని కూడా నిమిషాల్లో కొలిచి, హక్కుల లెక్కలో వేస్తే ఇల్లు హోటలు అవుతుంది. పైగా నువ్వెంత సర్దినా ఎవరో ఒకరు ముందు లేవక తప్పదు. పాలవాడు, పేపరు కుర్రాడు, వీధులూడ్చేవాళ్లు, వేటకెళ్లే బెస్తలు, తొలి బస్సు డ్రైవరు. సముద్రానికి నీ గడియారం పట్టదు. వాళ్ల మెలకువను గౌరవించు, చాలు. దాన్ని దోపిడీ అనకు.

అమ్మాయి: ప్రేమ లేదనను. ప్రేమ ఎప్పుడూ ఒకే మనిషిని ముందు లేపుతుంటే మాత్రం దాన్ని కొలవాలి. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. మూడు గంటలకు పైగా తేడా. ఆ తేడా రోజులో ఎక్కడినుంచి రావాలి? పగలు ఉద్యోగమో పొలమో ఉన్న ఆడదానికి అది రెండు కొసల్లోనే దొరుకుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక కొంత, పొద్దున ఎవరూ లేవకముందు కొంత. ముందు లేవక తప్పదన్న వాళ్ల గురించి కూడా చెబుతాను. గౌరవించమన్నారు. గౌరవం నిద్ర బాకీ తీర్చదు. చెన్నైలో పేద కూలీలమీద జరిగిన ఒక పరిశోధన 2021లో అచ్చయింది. చేతికి పరికరం కట్టి చూస్తే, రాత్రి ఎనిమిది గంటలు పడకమీద ఉన్నవాళ్లు నిజంగా నిద్రపోయింది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, రొద, మాటిమాటికీ మెలకువ. సలహాలూ సామగ్రీ ఇచ్చి రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచారు. పనిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పనిచోటే మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిస్తే మాత్రం పని చేసినంత సేపూ చురుకు పెరిగింది, మనసు కుదుటపడింది. వాగ్భటుడు గ్రీష్మానికి ఒప్పుకున్నది దీన్నే కదా. సముద్రం టైము మనం మార్చలేం, నిజమే. వీధులూడ్చే మనిషికి మధ్యాహ్నం నడుం వాల్చడానికి నీడ ఉన్న గది కట్టగలం. అదయినా కట్టకుండా పొగడటం ఒక్కటే చేస్తే, ఆ పొగడ్త జీతానికి బదులిచ్చే చిల్లర అవుతుంది.

వాదం ఇక్కడ ఆగింది. ఇద్దరి మాటా విన్నాక ఈ వ్యాసకర్తకు తోచిన తీర్పు ఇది. బాబాయి చెప్పిన దాంట్లో కొట్టిపారేయలేనిది ఒకటుంది. ఒకరినొకరు లేపుకునే ఊరు, ఎవరి అలారానికి వాళ్లు లేచే ఊరికన్నా మంచిది. వెలుతురు గురించి ఆయన చెప్పిందీ నిజం. రాత్రి దీపం ఆర్పకుండా పొద్దున్నే లేవాలనుకోవడం కుదరదు. కానీ ఆయన వేకువను ఒక గుణంగా చూశారు. అమ్మాయి దాన్ని ఒక బరువుగా చూసి, ఆ బరువు ఎవరి నెత్తిన ఉందని అడిగింది. సాక్ష్యం ఆమె వైపే మొగ్గుతోంది. అడగాల్సింది ఎన్నింటికి లేచావని కాదు. ఎవరు లేపారు, ఎవరి పనికోసం, తగ్గిన నిద్ర ఎప్పుడు పూడుతుంది? జరపగలిగిన వేళలను జరపాలి. స్టడీ అవర్ గంట, నల్లా నీళ్ల వేళ, మైకు మీట, ఇవన్నీ మనిషి పెట్టినవే, మనిషి మార్చగలిగినవే. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే పెద్ద తరగతులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది. 2022 నుంచి కాలిఫోర్నియాలో హైస్కూళ్లకు అది చట్టం. జరపలేని వేళలకు బదులు విశ్రాంతి చూపించాలి. ఇంట్లోనైతే వంతులు వేసుకోవాలి.

సామెతలో ముసలమ్మకు ఒక న్యాయం జరగాల్సి ఉంది. కోడి విషయంలో ఆమె పొరబడింది. అది కూసినా కూయకపోయినా పొద్దు పొడుస్తుంది. కుంపటి సంగతి వేరు. అగ్గిపెట్టె లేని రోజుల్లో నిప్పు ఆరకుండా కాపాడాలంటే ఎవరో ఒకరు రాత్రి ఆఖరున పడుకుని పొద్దున మొదట లేవాలి. ఊరంతా ఆ నిప్పు తీసుకెళ్లింది, ఆమె నిద్రను ఎవరూ లెక్కలో వేయలేదు. రేపు మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచే మనిషిని, రాత్రి ఎన్నింటికి పడుకున్నారో అడగండి. జవాబు విన్నాక ఎల్లుండి పొయ్యి మీరు వెలిగించండి.